చదువు ఇంగ్లీషులోనే... మరి కొలువు?

పోయిన నెలలో ఒకనాటి పొద్దున టంగుటూరు బస్టాండు పక్క టీ కొట్టులో కూర్చుని ఉండగా, పొరుగూరి పొగాకు రైతు ఒకాయన ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పల్లెల్లో పేపరు విలేఖరి అంటే పాసుపుస్తకం మొదలు కోర్టు నోటీసు దాకా ఏ కాగితమైనా చదివి చెప్పేవాడని లెక్క. నేను ఇంటరుతో చదువు ఆపినవాణ్ణని ఎవరికీ పట్టదు.

ఆ కాగితాలు జర్మనీలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆయన కొడుక్కి పంపిన ప్రవేశ పత్రం. కోర్సు ఇంటర్నేషనల్ బిజినెస్, రెండేళ్ళు. అందులో 'బోధన పూర్తిగా ఇంగ్లీషులో' అన్న వాక్యం కింద కన్సల్టెన్సీవారు ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఇచ్చారు.

"ఇంగ్లీషే గదబ్బాయ్! మావోడు ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియమే. ఇంక ఇబ్బందేముంది?" అన్నాడాయన.

ఆ ఎర్ర గీతను గురించే నేను రాయదలచింది.

ముందు ఆ చదువేమిటో చూద్దాం. పేరు విని మనవాళ్ళు అదేదో ఆకాశంలోని విద్య అనుకుంటున్నారు. ఆ పాఠాల జాబితాను నేను రెండు రాత్రులు కూర్చుని, ఫోనులో నిఘంటువు చూసుకుంటూ చదివాను. ఒక దేశం సరుకు మరో దేశం ఎందుకు కొంటుంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఈలోగా రూపాయి విలువ పడిపోతే ఎవరికి లాభం, దారిలో సరుకు పాడైతే నష్టం ఎవరిది, ఇవీ అందులోని సంగతులు. ఇంగ్లండు బట్ట, పోర్చుగలు ద్రాక్ష సారా మారకం మీద డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్క నేటికీ తొలి పాఠాల్లో ఉంది. పారిస్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి ప్రకటించి, 2020లో సరికొత్తగా సవరించిన అమ్మకం షరతులు మరో పాఠం. అందులో ఎఫ్.ఓ.బి. అనే షరతు ఉంది. సరుకు రేవులో ఓడ ఎక్కేదాకా బాధ్యత అమ్మినవాడిది, ఎక్కిన తర్వాత కొన్నవాడిది.

నిజానికి ఇవి మన జిల్లాకు కొత్త కావు. కొండపి వేలం కేంద్రంలో బేళ్ళు పేర్చుకుని కూర్చున్న రైతుకు ఈ పాఠాల పేర్లు తెలియకపోవచ్చు గాని దెబ్బలు తెలుసు. మన దేశపు పొగాకు కొనే దేశాల్లో బెల్జియం ఏళ్ళ తరబడి ముందు వరసలో ఉంది. అక్కడి ఆంట్వెర్ప్ రేవులో బేరం మందగిస్తే ఇక్కడ బేళ్ళు వెనక్కి తిరిగి వస్తాయి. చీమకుర్తి గెలాక్సీ రాయి సంగతీ అంతే. రొయ్యల్లో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో ఐరోపా సమాఖ్యవారు, అంతకుముందు నూటికి పది లోడ్లు పరీక్షించేవారు కాస్తా, నూటికి యాభై పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ దెబ్బ మన తీరం చెరువుల దాకా వచ్చింది. కాబట్టి మన పిల్లలు ఈ చదువు చదవాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఇటువంటి చదువు చదివినవాడు మండలానికి ఒకడున్నా మనకు మేలే.

జర్మనీ సంగతికి వచ్చే ముందు, ఈ చదువుకు పేరుపడ్డ ఊరు ఒకటి చెప్పాలి. నెదర్లాండ్సులో బెల్జియం సరిహద్దు పక్కనే మాస్ట్రిక్ట్ అనే ఊరుంది. అక్కడికి ఆంట్వెర్ప్ రేవు సుమారు నూరు కిలోమీటర్లు. ఐరోపా సమాఖ్యకు పునాది వేసిన ఒప్పందం మీద 1992లో సంతకాలు జరిగింది ఆ ఊళ్ళోనే. అక్కడి విశ్వవిద్యాలయం 1976 జనవరిలో ఏర్పడింది. మన గుంటూరులోని పొగాకు బోర్డు పుట్టిందీ అదే నెలలో! ఆ విశ్వవిద్యాలయంలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఇంగ్లీషులోనే చెబుతారు. విద్యార్థుల్లో సగానికి పైగా విదేశీయులే.

అక్కడి బోధనా పద్ధతి మనవాళ్ళు వినదగ్గది. అయ్యవారు నిలబడి చెబుతుంటే డెబ్బై మంది రాసుకోవడం ఉండదు. పది పదిహేనుమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక చిక్కు సమస్య ఇస్తారు. విద్యార్థులే చదువుకుని వచ్చి, వాదించుకుని, తేల్చుకోవాలి. నోరు విప్పనివాడు వెనకబడతాడు. గీర్ట్ హోఫ్‌స్టెడ్ అనే పండితుడు ఆ ఊళ్ళోనే ఆచార్యుడుగా పనిచేశాడు. ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగులను దేశదేశాల్లో ప్రశ్నించి, పెద్దవాడి ముందు చిన్నవాడు ఎంత ఒదిగి ఉంటాడన్నది ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటుందని 1980లో పుస్తకం రాశాడు. మన దేశంలో ఆ ఒదుగు ఎక్కువ, డచ్చివారిలో తక్కువ అని తేల్చాడు. వాళ్ళు ఆచార్యుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, 'మీరు చెప్పింది నాకు సరిగా లేదు' అని మొహం మీదే అంటారు. మన పిల్లవాడు పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే రాశాడు, నిజమే. గైడు బట్టీపట్టి రాశాడు. కాలేజీలో నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగితే 'నోర్మూసుకుని కూచో' అన్నవాళ్ళే గాని, చెప్పు నాయనా అన్నవారు లేరు. ఇంగ్లీషు మీడియం అన్న మాటకు ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఒక అర్థం. ఇది మొదటి తిరకాసు.

రెండోది ఇంతకన్నా పెద్దది.

ఆ దేశాలకు ఇంగ్లీషు సొంత భాష కాదు. 1999లో బొలోన్యా అనే ఇటలీ నగరంలో ఐరోపా దేశాల విద్యా మంత్రులు కూడి, డిగ్రీలన్నిటినీ ఒక తీరుకు తేవాలని ఒప్పుకున్నారు. ఏడాది చదువుకు 60 క్రెడిట్లన్న కొలత అన్ని దేశాలకూ పాకింది. బయటి పిల్లలు రావాలంటే ఇంగ్లీషు కావాలి గనుక ఇంగ్లీషు కోర్సులు పెరిగాయి. బయటినుంచి వచ్చేవారికి ఫీజులూ పెరిగాయి. స్వీడన్ 2011లో, ఫిన్లండు 2017లో, నార్వే 2023లో ఐరోపా బయటి విద్యార్థులకు ఫీజు మొదలుపెట్టాయి. ఇంగ్లీషు మీద అక్కడివారికి మొహం మొత్తడమూ మొదలైంది. డెన్మార్కు 2021లో ఇంగ్లీషు కోర్సుల్లో సీట్లు కోసివేయాలని నిర్ణయించింది. నెదర్లాండ్సు ప్రభుత్వం 2024లో బ్యాచిలర్ కోర్సుల్లో డచ్చి భాషకు ముందు పీట వేసే బిల్లు పార్లమెంటు ముందు పెట్టింది. మాతృభాష మీద వాళ్ళకున్న పట్టుదల చూస్తే మనకు సిగ్గు కలగాలి గాని, అది వేరే కథ.

తరగతి గది దాటి వీధిలోకి వస్తే భాష మారిపోతుంది. ఇంటి అద్దె కాగితం జర్మనులో ఉంటుంది. పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు జర్మనులో. ఇవి ఎలాగో గడుస్తాయి, తోటి తెలుగువాళ్ళు సాయపడతారు. అసలు చిక్కు ఉద్యోగం దగ్గర వస్తుంది. సాఫ్టువేరు పని చేసేవాడికి యంత్రంతో మాటలు, యంత్రానికి ఇంగ్లీషు చాలు. వాడిలో కొందరు ఇంగ్లీషుతోనే నెట్టుకొస్తున్నారు. ఇంటర్నేషనల్ బిజినెస్ చదివినవాడికి మనుషులతో పని. కొనేవాడితో బేరం ఆడాలి, రవాణా కంపెనీకి ఫోను చేయాలి, కస్టమ్సు కాగితం నింపాలి, గిడ్డంగి మేస్త్రీతో మాట్లాడాలి. అమ్మకాల విభాగంలోనో, సరుకు రవాణా విభాగంలోనో వేసే ప్రకటనల్లో చాలావాటికి జర్మను భాష అనర్గళంగా రావాలని ఉంటుంది. వాళ్ళ భాషా పరీక్షలు ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు. ఇటువంటి కొలువులకు నాలుగో మెట్టో ఐదో మెట్టో ఎక్కాలి. మనవాడు విమానం దిగేనాటికి మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టి ఉండడు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే గడువు 18 నెలలు. పగలు చదువు, రాత్రి గిడ్డంగిలో పెట్టెలు మోత, ఇక భాష నేర్చేది ఎప్పుడు?

వెనక మన తీరంలో మచిలీపట్నానికి, నిజాంపట్నానికి డచ్చివారు పదిహేడో శతాబ్ది మొదట్లో వ్యాపారానికి వచ్చినప్పుడు వాళ్ళకు తెలుగు రాదు. దుబాసీని పెట్టుకున్నారు. రెండు భాషలొచ్చినవాడు లేనిదే బట్టల బేరం ఒక్కటి తెగలేదు. ఇప్పుడు వాళ్ళ ఊరికి బేరానికి పోతున్న మన పిల్లవాడికి దుబాసీ లేడు. వాడే దుబాసీ కావాలి.

ఇక డబ్బు లెక్క. ఇది రైతు సోదరులు కాస్త నిదానంగా చదవాలి.

జర్మనీలో సర్కారు విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదు, సెమిస్టరుకు కొద్దిపాటి చందా తప్ప. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా బయటివారికి 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు. 'జర్మనీలో చదువు ఉచితం' అన్న మాట ఇక్కడ పుట్టింది. అయితే ఆ సర్కారు సీట్లకు ఒక నియమం ఉంది. బిజినెస్ మాస్టర్సుకు డిగ్రీలో వ్యాపార శాస్త్రం, అర్థశాస్త్రం, అకౌంట్సు సంబంధమైన క్రెడిట్లు ఇన్ని అని ఉండాలి. మన ఇళ్ళల్లో బి.కాం. చదివిన పిల్లలున్నా అందరి కళ్ళూ ఇంజనీరింగు మీదే. ఆ రైతు కొడుకు మెకానికల్ ఇంజనీరు. వాడి డిగ్రీలో వ్యాపార పాఠం అన్నది ఒకటో రెండో. సర్కారు తలుపు అక్కడే మూసుకుంది. ఆ సంగతి కన్సల్టెన్సీవారు చెప్పలేదు. ఫీజు తీసుకుని సీటిచ్చే ప్రైవేటు సంస్థను చూపించారు. సర్కారు విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఏజెంట్లకు కమీషను ఇవ్వవు. ప్రైవేటువి చాలా ఇస్తాయి. ఇంతకన్నా విప్పి చెప్పనక్కరలేదు. ప్రైవేటువన్నీ చెడ్డవని నేననను. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవీ, మంచి చదువు చెప్పేవీ ఉన్నాయి. ఎరువుల బస్తా కొనేటప్పుడు కంపెనీ పేరు చూసినట్టు, అది గుర్తింపు ఉన్నదో కాదో, క్లాసులు గదిలోనో ఫోనులోనో ముందే చూసుకోవాలంటున్నాను.

ఆయన చూపించిన పత్రం ప్రకారం ఏడాదికి ఫీజు 12 వేల యూరోలు. అది కాక, వీసాకు ముందు అక్కడి బ్యాంకు ఖాతాలో 11,904 యూరోలు వేయాలి. ఈ మొత్తం 2024 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. బ్లాక్డ్ అకౌంటు అంటారు. వేసిన డబ్బు మనదే గాని ఒక్కసారి చేతికి రాదు, నెలకు 992 యూరోల చొప్పున తిండికీ అద్దెకూ వదులుతారు. యూరోను నూరు రూపాయలుగా లెక్కేసుకున్నా తొలి ఏడాదికే దగ్గరదగ్గర 24 లక్షలు. ఢిల్లీలో సర్టిఫికెట్లు తనిఖీ చేసే ఎ.పి.ఎస్. కేంద్రానికి 18 వేల రూపాయలు. ఇది 2022 నవంబరు నుంచి తప్పనిసరి. దొంగ సర్టిఫికెట్ల బెడద వల్ల పెట్టారు. మనలో కొందరి నిర్వాకానికి అందరం కడుతున్న జరిమానా అది.

బ్యాంకుకు పోతే పొలం హామీగా సాధారణంగా తీసుకోరు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేసే వీలు లేదు గనుక బ్యాంకులు పెద్ద విద్యా రుణాలకు దాన్ని ఇష్టపడవు. ఇల్లు పెడదామంటే గ్రామకంఠంలో ఇల్లు, దస్తావేజు లేదు. ఇక మిగిలింది ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆయన 12 లక్షలు అలా తెస్తాడట, మిగతాది బర్రెలు, భార్య మెడలోది, బావమరిది సాయం. పన్నెండు లక్షల మీద రెండు రూపాయలంటే నెలకు 24 వేలు, ఏడాదికి 2 లక్షల 88 వేలు. అసలు అలాగే ఉంటుంది. మూడెకరాల పొగాకు మీద ఆ మొత్తం ఏ ఏడాదైనా మిగిలిందా అని నేను అడగలేదు. ఆయనే తల దించుకున్నాడు.

"ఆడ పని చేసుకుంటా చదువుతాడంట గదా?" అన్నాడు కాసేపాగి.

చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు గాని 280 పూటలు గాని పని చేయనిస్తున్నారు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13 యూరోల 90 సెంట్లు. నెలకు 80 గంటలు దొరికాయనుకుందాం, 1,112 యూరోలు. గది అద్దె, తిండి, ఆరోగ్య భీమాకు నెలకు నూట నలభై పైమాటే. ఇంటికి పంపేదేమీ ఉండదు. రెండో ఏడు ఫీజు 12 వేల యూరోలు అలాగే నిలబడి ఉంటుంది. కొందరు బ్లాక్డ్ అకౌంటులో వేయడానికి వడ్డీకి తెచ్చి, పిల్లవాడు అక్కడ దిగిన తర్వాత నెల నెలా వచ్చే ఆ 992నే వెనక్కి తెప్పించుకుని అప్పు తీరుస్తున్నారని విన్నాను. ఆ పిల్లవాడు ఏం తింటున్నాడో ఆ తండ్రి ఎప్పుడైనా అడిగాడా?

జర్మనీలో మన దేశపు విద్యార్థులు 2023-24 శీతాకాలం నాటికి 49 వేలు దాటారు. విదేశీయుల్లో మొదటి స్థానం మనదే, చైనాను వెనక్కి నెట్టాం. ఈ అంకె చూపించి కన్సల్టెన్సీవారు గోడ మీద పెద్ద బోర్డు పెట్టారు. వాళ్ళలో ఎందరికి చదివిన చదువుకు తగిన కొలువు దొరికిందన్నది ఆ బోర్డు మీద లేదు.

పోవద్దని నేను రాయడం లేదు. మా మండలంలోనే బి.కాం. చదివిన ఒక అమ్మాయి ఉంది. తండ్రి కిరాణా కొట్టు నడుపుతాడు. డిగ్రీ అవగానే పోలేదు. ఏడాదిన్నర హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు జర్మను నేర్చుకుంది, మూడో మెట్టు పరీక్ష రాసి నెగ్గింది. 'పెళ్ళీడు పిల్లకు ఈ వయసులో ఇంకో భాష ఏమిటి' అని చుట్టాలు నవ్వారు. బి.కాం. గనుక సర్కారు విశ్వవిద్యాలయంలోనే సీటు వచ్చింది. ఇప్పుడు హాంబర్గులో మసాలా దినుసులు దిగుమతి చేసుకునే కంపెనీలో ఉద్యోగం. మొన్న ఫోనులో మాట్లాడితే ఒక సంగతి చెప్పింది. "అన్నా, ఇంటర్వ్యూ గంటసేపు జరిగింది. నా సర్టిఫికెట్ల గురించి పది నిమిషాలు ఇంగ్లీషులో అడిగారు. మిగతాదంతా జర్మనే. మిరపకాయల్లో బూజు విషం వచ్చి లోడు ఆగిపోతే అవతలివాడితో ఏం మాట్లాడతావని అడిగారు. మా ఊళ్ళో కల్లాల మీద మిర్చి ఎట్లా ఆరబెడతారో చెప్పాను. అదే నాకు ఉద్యోగం ఇప్పించింది."

కల్లం సంగతి ఆమెకు ఇక్కడే తెలుసు. దాన్ని వాళ్ళ భాషలో చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది.

అందుచేత ఈ దారిన పోదలచిన పిల్లల తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. కన్సల్టెన్సీకి కట్టే మొదటి రూపాయికి ముందు భాషకు కట్టండి. హైదరాబాదులో గోథే జెంట్రుం ఉంది, ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది. అంత దూరం పోలేనివాళ్ళకు ఫోనులోనే పాఠాలు చెప్పేవాళ్ళున్నారు. కనీసం రెండు మెట్లు ఎక్కేదాకా ఆ కుర్రవాడు నిలబడగలడో లేడో ఇక్కడే తెలిసిపోతుంది. నిలబడలేకపోతే పోయేది కొద్ది వేలు, పొలం మిగులుతుంది. ఇంగ్లీషే వీధి భాషగా ఉన్న ఐర్లండుకు పోతామంటే అది వేరు. అక్కడ అద్దెలు చూసుకుని మరీ పొండి.

అధికారులకూ ఒక మాట. జిల్లాలో పొగాకు, రాయి, రొయ్య మూడూ విదేశాలకు పోతున్నాయి. ఒంగోలులోని ప్రభుత్వ కళాశాలలో సాయంత్రం పూట జర్మనుగాని ఫ్రెంచిగాని నేర్పే ఒక్క తరగతి పెట్టడానికి కోట్లు అక్కరలేదు. ఒక అధ్యాపకుడు, ఒక గది, ఒక ట్యూబులైటు చాలు. ఇంటర్నేషనల్ బిజినెస్ కోసం ఊళ్ళకు ఊళ్ళు అప్పులపాలవుతుంటే ఆ మాత్రం చేయలేమా?

ఆనాడు టీ కొట్టులో ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి అదే కవరులో పెట్టుకుని, "సరే అబ్బాయ్, మావోడితో ఒకసారి నువ్వే మాట్లాడు" అని వెళ్ళాడు. కుర్రవాడు మర్నాడు ఫోను చేశాడు. తొలి విడత ఫీజుకు గడువు ఈ నెల 30 అట. ఒక సెమిస్టరు వాయిదా వేస్తే సీటు ఉంటుందా అని రాసి అడగమన్నాను. అడిగాడు, ఇంకా జవాబు రాలేదు. కన్సల్టెన్సీవారు మాత్రం రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నారట.